పన్నెండు జేబుల గొడుగు

మా అక్కది నడిచే ఉద్యోగం. పొద్దున పదింటికి గొడుగు వేసుకుని కంపెనీ గేటు దాటిందంటే మళ్లీ ఒంటిగంటకే రావడం. మధ్యలో ఊళ్లో తొమ్మిది కిలోమీటర్లు తిరుగుతుంది. ఎండైనా అంతే, వానైనా అంతే. దీనికి నెలనెలా జీతం కూడా ఇస్తారంటే మా ఆయన చాలాకాలం నమ్మలేదు. "నేనూ రోజూ నడుస్తూనే ఉన్నాగా, నా సంగతి కూడా కనుక్కో" అన్నాడు. ఆయన నడిచేది మంచం దగ్గర్నుంచి టీవీ దాకా.

అసలు సంగతి ఏమిటంటే, మా కంపెనీ తయారుచేసే వస్తువు బొటనవేలి గోరు కంటే కాస్త పెద్దది. మాడ్యూల్ అంటారు. ఆకుపచ్చ పలక ముక్క, దాని మీద నల్లటి చిప్పులు, వాటిని కప్పుతూ తగరపు మూత. ఆ మూత కింద రెండు కాపురాలు ఉంటాయి. ఒక వాటాలో సెల్‌ఫోన్ కాపురం. అది టవర్‌తో మాట్లాడుతుంది. పక్క వాటాలో ఉపగ్రహాల మాట వినే కాపురం. పైనుంచి సన్నగా వచ్చే సంకేతాలు విని తానెక్కడుందో లెక్క కట్టుకుంటుంది. విన్నది ఇది అటు చెబుతుంది, అది టవర్‌కి చేరవేస్తుంది. బస్సు ఎక్కడిదాకా వచ్చిందో అని మీరు ఫోన్లో చుక్క చూసుకుంటూ నిలబడతారు కదా, ఆ చుక్కని కదిలించేది ఇదే. నేను ప్యాకింగులో పని చేస్తాను. లేబుళ్లు అతికిస్తాను, టైపు వేగంగా కొడతాను కాబట్టి కంపెనీ కాగితాలన్నీ కూడా నా నెత్తినే పడ్డాయి.

ప్రతి పెట్టెలోంచీ పన్నెండు మాడ్యూళ్లు తీసి, బ్యాటరీలు తగిలించి, ఊళ్లో తిప్పి చూడాలి. ఒక్కటి తప్పినా ఆ పెట్టె బయటికి పోదు. తిప్పేది అక్క. మొదట్లో వాటిని సంచిలో ఇచ్చి పంపితే ఆకాశం కనబడక సగం మొండికేశాయి. పళ్లెంలో పెట్టి నెత్తిన పెట్టుకోమంటే వీధివీధికీ జనం ఆపి "ఏం అమ్ముతున్నావమ్మా, ఎంతకిస్తావు" అని ప్రాణం తీశారు. అప్పుడు అక్కే ఒక పెద్ద నల్ల గొడుగు తెచ్చి, దాని పైభాగాన పారదర్శకమైన ప్లాస్టిక్‌తో పన్నెండు జేబులు కుట్టి, తెల్ల రంగుతో నంబర్లు వేసింది. ఒక్కో జేబులో ఒక్కో మాడ్యూలు, దాని పక్కన మిణుకుమనే చిన్న ఎర్ర దీపం. ఊళ్లో పిల్లలందరికీ ఆమె గొడుగత్తే.

ఒకసారి పోలీసాయన ఆపి, "ఏంటమ్మా ఈ లైట్లు?" అని అడిగాడట. "ఉపగ్రహాల మాట వింటున్నాయి బాబూ. కాస్త పక్కకి జరగండి, మీ టోపీ అడ్డమొస్తోంది" అందట. ఆయన నిజంగానే పక్కకి జరిగాడు. మా అక్క మాట అలా ఉంటుంది. కంపెనీ వాళ్లు తొమ్మిదేళ్ల కిందట ఒక దారి గీసి ఇచ్చారు, ఆ దారిలో అడుగు తేడా రాదు. రోడ్డు తవ్వేసి ఉంటే గొయ్యి దిగి అవతల ఎక్కుతుంది. పార్కుకి తాళం వేసి ఉంటే కాపలావాడిని లేపి మరీ తాళం తీయిస్తుంది. పట్టిందంటే వదలదు. ఆ మొండితనం ఇంట్లో కూడా చూపిస్తుంది కాబట్టే మా ఇద్దరికీ మాటల్లేకుండా పోయాయి.

రెండేళ్ల కిందటి మాట. అమ్మ అప్పటిదాకా అక్క దగ్గరే ఉండేది. బావ పోయాక అక్కకి తోడు అమ్మే. ఒకరోజు అక్క ఊరు తిరుగుతున్న సమయంలో అమ్మ మెట్ల మీద జారి మోకాలు విరగ్గొట్టుకుంది. పక్కింటివాళ్లు నాకు ఫోన్ చేశారు, నేను పరుగెత్తుకెళ్లి ఆస్పత్రికి తీసుకెళ్లాను, కట్టు కట్టించి అటునుంచి అటే మా ఫ్లాటుకి తెచ్చేశాను. మాది మూడో అంతస్తే గానీ లిఫ్టు ఉంది కదా అని. అక్క ఇంటికొచ్చి చూస్తే మంచం ఖాళీ. సాయంత్రం మా గుమ్మం ముందు నిలబడి ఒంటికాలి మీద లేచింది.

"చెప్పాపెట్టకుండా అమ్మని ఎత్తుకొచ్చేస్తావా? అమ్మేమన్నా గొడుగనుకున్నావా, చేత్తో పట్టుకుపోవడానికి?"

నేను మాత్రం తక్కువ తిన్నానా? "రోజంతా ఊరు మీద తిరిగేదానివి, నువ్వేం చూసుకుంటావు అమ్మని?" అన్నాను.

అనకూడని మాట. అన్న మరుక్షణం నాలుక్కరుచుకున్నాను, కానీ నోరు దాటిపోయింది. అక్క మొహం మాడిపోయింది. "నీ గడప తొక్కితే ఒట్టు" అని వెనక్కి తిరిగి మెట్లు దిగి వెళ్లిపోయింది. నాలుగో రోజున లిఫ్టు పాడైంది. అప్పట్నుంచీ దాని ఇష్టం వచ్చినప్పుడే నడుస్తుంది. అమ్మ దిగలేదు, అక్క ఎక్కదు.

కంపెనీలో పరిస్థితి ఇంకా అన్యాయం. ఇద్దరం ఒకే గదిలో, రెండు బల్లల దూరంలో ఉంటాం. ఏదైనా చెప్పుకోవాలంటే మధ్యలో స్టోరు కీపరు ఉండాలి. పెద్దాయన, అందరం బాబాయ్ అంటాం. "బాబాయ్, ఆవిడ ఈ కాగితం మీద సంతకం పెట్టాలట" అని నేను. "బాబాయ్, పెన్ను లేదని చెప్పండి ఆవిడకి" అని అక్క. ఒకరోజు ఆయనకి ప్రాణం విసిగి, "మీ ఇద్దరి మధ్యా నన్ను టవర్‌ని చేసి పాతేశారమ్మా, నాకేమన్నా కరెంటు ఇస్తున్నారా?" అని కళ్లజోడు తీసి బల్ల మీద పడేశాడు. అయినా పాపం మోయడం మాత్రం మానలేదు.

ఇలా ఉండగా కొత్త ఇంజినీరు వచ్చాడు. చదువుకున్నవాడు, మర్యాదస్తుడు, నవ్వితే ఏదో పోతుందన్నట్టు ఉంటాడు. వస్తూ వస్తూ బీరువా అంత యంత్రం తెప్పించాడు. ఉపగ్రహాల సంకేతాలు, టవర్ సంకేతాలు అన్నీ ఆ యంత్రమే పుట్టిస్తుందట. నలభై మాడ్యూళ్లు లోపల పెట్టి తలుపు వేస్తే అరగంటలో ఏది మంచిదో ఏది చెడ్డదో చెప్పేస్తుందట. ఆకాశాన్ని మడతపెట్టి బీరువాలో సర్దేశాడన్నమాట. మేనేజరుకి చెప్పలేనంత సంబరం వచ్చింది.

"ఇంక ఆ గొడుగు నడక ఎందుకండీ మనకి? ఈ నెలాఖరుకి ఆపేద్దాం" అన్నాడు.

గొడుగు నడక ఆపడమంటే అక్కని ఆపడమే. ఆవిడ వయసు యాభై ఒకటి. తొమ్మిదేళ్లు నడిచిన అనుభవం ఉందని చెప్పుకుంటే ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు? అక్క మాత్రం గొడుగు జేబులు తుడుచుకుంటూ కూర్చుంది.

ఇంజినీరు పని గట్టిది. ఊరికే ఆపేయకూడదు, కారణం రాయాలి అన్నాడు. గొడుగు మీది మాడ్యూళ్లు రెండేళ్లుగా పంపిన దారులన్నీ బయటికి తీశాడు. ఇప్పటిదాకా వాటిని ఎవరూ తెరిచి చూడలేదు. మాడ్యూలు పని చేసిందా లేదా అన్నంత వరకే మాకు కావాలి, మిగతాది కంప్యూటర్లో పడి ఉండేది. అందర్నీ మీటింగు గదికి పిలిచి గోడ మీద ఊరి పటం వేశాడు. దాని మీద రెండేళ్ల నడకలు ఒకదాని మీద ఒకటి పడి, ఒకే ఒక్క నీలం గీతలా ఉన్నాయి. నాకే గర్వమనిపించింది. కానీ ఆ గీతలో ఒకచోట ఎర్రటి మచ్చ ఉంది.

"ఇది చూడండి" అన్నాడు ఇంజినీరు. "రోజూ పదకొండు ఇరవైకి ఇక్కడ ఆగుతున్నారు. పదకొండు నిమిషాలు. రెండేళ్లుగా ఒక్కరోజు కూడా తప్పలేదు. ఇచ్చిన దారిలో ఆగమని ఎక్కడా లేదే. ఇక్కడ ఏం చేస్తున్నారు మేడమ్?"

అక్క పటం వైపు నోరు తెరుచుకుని చూసింది. "అవి నన్ను కూడా రాస్తాయా?" అంది.

గది గదంతా గొల్లుమంది. నవ్వరా మరి? తొమ్మిదేళ్లుగా, తామెక్కడున్నాయో ఇట్టే చెప్పేసే పరికరాలని పన్నెండింటిని నెత్తి మీద మోసుకు తిరుగుతూ, అవి తన సంగతి కూడా చెబుతాయని ఆవిడకి ఒక్కసారీ తట్టలేదు. ఆవిడ లెక్కలో వాటి పని వాటిది, తన పని తనది. మేనేజరు కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. నేను కూడా నవ్వబోయి, మచ్చ ఎక్కడుందో చూసి ఆగిపోయాను.

పాల బూత్ మలుపు, దాని తర్వాత అద్దాల బ్యాంకు భవనం, ఆ వెనక సందు. ఆ సందులోనే మచ్చ. అది మా బాల్కనీ కింద.

ముందు ఒళ్లు మండింది. నా ఇంటి కింద కాపు కాస్తోందా ఈవిడ! ఆ తర్వాత ఒక్కొక్కటే గుర్తుకు రావడం మొదలెట్టాయి. బట్టలారేసుకోవడానికని అమ్మ కొనిపించుకున్న పదిహేను మీటర్ల నైలాన్ తాడు. ఎంత ఎండగా ఉన్నా బాల్కనీలోనే కుర్చీ వేయమనే గొడవ. పొద్దున గిన్నెడు వండితే సాయంత్రానికి ఖాళీ అయిపోయే కూరలు. ఆ కూరల కోసం రెండేళ్లుగా మా ఆయన్ని నానా మాటలూ అంటున్నాను. "నేను కాదే తల్లీ" అని ఆయన ఎన్నిసార్లు మొత్తుకున్నాడో. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందు రావాలో తెలియక దగ్గొచ్చింది.

"చెప్పండి మేడమ్" అన్నాడు ఇంజినీరు. "కారణం లేకపోతే పని మానేసి కూర్చున్నట్టే రాయాల్సి వస్తుంది."

అక్క నా ఇంటికి వచ్చానని నలుగురిలో ఒప్పుకోవడం కన్నా ఉద్యోగం పోగొట్టుకోవడమే మేలనుకున్నట్టుంది. తల వంచుకుని గొడుగు పిడిని చూస్తూ కూర్చుంది. అలా తల వంచుకోవడం నేను బావ పోయిన రోజు కూడా చూడలేదు. ఇంక ఆగలేకపోయాను.

"పరీక్ష పెట్టాల్సిన చోటే అదండీ" అన్నాను లేచి. "మా ఇల్లు అక్కడే. ఆ సందులో ఫోన్ పలకదు. ఆకాశం కూడా జానెడే కనబడుతుంది. అక్కడ పలికిందంటే మాడ్యూలు ఎక్కడైనా పలుకుతుంది. అందుకే అక్కడ ఆగుతోంది ఆవిడ."

నిజం చెప్పాలంటే నోటికొచ్చిన అబద్ధం. అక్క చివ్వున తల తిప్పింది.

"బాబాయ్, ఆవిడని ఊరుకోమనండి."

"బాబాయ్, ఆవిడనే నోరు మూసుకోమనండి. మంచికి చెబుతున్నా."

బాబాయ్ ఫైలు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఇంజినీరు నిజాయితీపరుడు. అబద్ధమో నిజమో లెక్కలే చెబుతాయి అన్నాడు. రెండేళ్లలో గొడుగు మీద తప్పిన మాడ్యూళ్లు ఏవి ఎక్కడ తప్పాయో చూస్తే, పదిలో తొమ్మిది ఆ సందులోనే తప్పాయి. తప్పిన వాటిని తెప్పించి తన బీరువాలో పెట్టాడు. అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయని బీరువా సర్టిఫికెట్ ఇచ్చింది. ఫిర్యాదుల రిజిస్టరు తెమ్మన్నాడు. అంతకుముందు నెలకి ముప్పై, నలభై మాడ్యూళ్లు పాడయ్యాయని తిరిగొచ్చేవి. రెండేళ్ల నుంచి మూడో నాలుగో. సరిగ్గా అమ్మ మా ఇంటికొచ్చిన నెల నుంచి తగ్గాయి. ఇంజినీరు జుట్టు పీక్కుని, మర్నాడు అందరం ఆ సందుకి వెళ్లి చూడాల్సిందే అన్నాడు.

వెళ్లాం. గొడుగుతో అక్క ముందు, కొలిచే పరికరంతో ఇంజినీరు, మేనేజరు, బాబాయ్, చివర్న నేను. సందులో ఇంజినీరు అటూ ఇటూ తిరిగి, పరికరం చూసి, ఒక్కసారిగా నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

"ఇక్కడ టవర్ చాలా దూరం. అందుకని సెల్ వాటా గొంతు చించుకుని అరుస్తుంది. మూత సరిగ్గా అతకకపోతే ఆ అరుపు పక్క వాటాలోకి పోయి, ఉపగ్రహాల మాట వినబడకుండా చేస్తుంది. నా యంత్రంలో టవర్ పక్కనే ఉంటుంది కదా, అరవాల్సిన పని లేదు. గుసగుసలాడితే చాలు. అందుకే దానికి ఈ తప్పు దొరకలేదు."

"మధ్య గోడ సరిగ్గా లేని వాటాలన్నమాట" అన్నాడు బాబాయ్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ.

అంటే నా అబద్ధం నిజమే! నేను ఇంకా తేరుకోలేదు, పైనుంచి ఏదో దిగడం మొదలెట్టింది. నీలం నైలాన్ తాడు, దాని చివర గుడ్డసంచి, సంచిలో స్టీలు డబ్బా. టైము పదకొండు ఇరవై. అమ్మ గడియారం తప్పదు. సంచి ఊగుతూ ఊగుతూ వచ్చి ఇంజినీరు భుజం మీద వాలింది. ఆయన బిత్తరపోయి తల పైకెత్తాడు.

మా అమ్మకి దూరపు చూపు ఆనదు. బాల్కనీ లోంచి వంగి చూసి, "ఏమే పెద్దదానా, ఇవాళ మీసాలొచ్చాయేంటే నీకు?" అంది.

ఇంజినీరు భుజం మీది సంచితో అలాగే నిలబడ్డాడు.

"నిలబడిపోయావేం? నిన్నటి డబ్బా కట్టి పంపు. తొందరగా కానీ. చిన్నదానికి తెలిసిందంటే మనిద్దర్నీ ఉప్పుపాతరేస్తుంది!"

"తెలిసిందమ్మా!" అని కిందనుంచి అరిచాను.

తాడు సర్రున పైకి పోయింది, డబ్బాతో సహా. బాల్కనీ తలుపు ధడాలున మూసుకుంది. మేనేజరు పొట్ట పట్టుకుని మెట్ల మీద కూలబడ్డాడు. అక్క గొడుగు కిందకి దించి మొహం దాచుకుంది.

ఇంజినీరు చొక్కా దులుపుకుని, "పదకొండు నిమిషాలు చాలవు. ఇకనుంచి ఇరవై నిమిషాలు ఆగండి మేడమ్. యంత్రం ఉంటుంది, మీ నడకా ఉంటుంది" అన్నాడు. అలా అక్క ఉద్యోగం నిలబడింది. కానీ ఇది కంపెనీ నియమాల్లోకి ఎక్కాలి, రేపటికల్లా కాగితం టైపు చేసి తెమ్మని నాకు చెప్పాడు.

ఆ సాయంత్రం అమ్మని నిలదీశాను. ఆవిడ ఏ మాత్రం తొణకలేదు.

"అది నీ గడప తొక్కనని ఒట్టేసింది గానీ నా తాడు ముట్టనని అనలేదుగా" అంది.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"చెబితే తాడు పీకేసేదానివి."

అది నిజం. ఖచ్చితంగా పీకేసేదాన్ని, ఆ పీకినందుకు మా ఆయనకి గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా. నా మీద నాకే సిగ్గేసింది. రెండేళ్లు మా అమ్మా అక్కా మూడంతస్తుల ఎత్తున కేకలేసుకుంటూ బతికారు, నేను కూరలు ఎవరు తిన్నారని తగువులాడుతూ కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్నే కంపెనీకి వెళ్లి నియమాల కాగితం టైపు చేశాను. ఇంజినీరు చెప్పినవి ఎనిమిది. తొమ్మిదోది నేనే కలిపాను: "పై సందులో పరీక్ష ముగిసిన తరువాత, అదే భవనం మూడవ అంతస్తులోని వెనుక బాల్కనీలో పది నిమిషాలు పరీక్షించవలెను. బాల్కనీకి ఫ్లాటు తలుపు గుండానే వెళ్లవలెను." ఇంజినీరు చదివి, నావైపు చూసి, మళ్లీ చదివి, సంతకం పెట్టాడు. ఆ సంతకానికి ఆయనకి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

కాగితం బాబాయ్ చేతుల మీదుగా అక్క బల్ల చేరింది. మూడుసార్లు చదివింది.

"బాబాయ్, ఈ తొమ్మిదోది ఎవరు రాశారో కనుక్కోండి."

"బాబాయ్, కంపెనీ రాసిందని చెప్పండి."

అక్క కాగితం మడిచి జాకెట్లో దోపుకుంది. "కంపెనీ పనైతే చేస్తాను. చేయక తప్పుతుందా? నా ఒట్టు నా ఒట్టే" అంది గోడకి చెబుతున్నట్టు. గొడుగు విప్పుకుని గేటు దాటింది.

కొత్త పద్ధతి మొదటి రోజు కదా, ఇంజినీరు తెర ముందు కూర్చున్నాడు. వెనక మేనేజరు, బాబాయ్, నేను. పన్నెండు పచ్చ చుక్కలు గుంపుగా ఊరంతా నడిచాయి. పదకొండు ఇరవైకి సందులో ఆగాయి. పదకొండు నలభైకి కదిలి, భవనం ముందువైపుకి తిరిగాయి. అక్కడ ఆగాయి. ఒక నిమిషం, రెండు నిమిషాలు. వెనక్కి తిరిగిపోతుందేమో అని నేను తెరకి ఇంకా దగ్గరగా వంగాను. అప్పుడు ఒక చుక్క బూడిదరంగుకి మారింది. తర్వాత ఇంకోటి. చూస్తుండగానే పన్నెండూ బూడిదైపోయాయి.

"మెట్ల మీద అంతే, ఆకాశం కనబడదు" అన్నాడు ఇంజినీరు. "బాల్కనీలోకి రాగానే పచ్చబడతాయి."

ఐదు నిమిషాలు గడిచాయి. పది గడిచాయి. పచ్చబడలేదు. పావుగంట దాటేసరికి మేనేజరు లేచి నిలబడ్డాడు.

"ఏంటండీ ఇది, మొదటి రోజే పన్నెండూ పోయాయా?"

ఇంజినీరు కుర్చీ ముందుకి లాక్కుని గబగబా ఏవేవో నొక్కాడు. "బాల్కనీలో ఇలా జరగకూడదే. బ్యాటరీలా? సిమ్ములా? ఒకేసారి పన్నెండూ ఎలా పోతాయి?" ఆయన గొంతులో నిజంగానే కంగారు వినబడింది.

నాకు తెర మసకబారింది. తుడవాల్సింది తెర కాదు, నా కళ్లే. బాబాయ్ చేతి రుమాలు లాక్కుని తుడుచుకున్నాను.

"పరికరాలకేం కాలేదండీ" అన్నాను. "గొడుగు మడిచేసింది. మా అక్క ఇంట్లోకొచ్చింది."